తెనాలి రోడ్డు మీద మోటారు పడవ

నా చిన్నప్పుడు ఒకసారి పడవలో కూర్చుని బాపట్ల నుంచి రేపల్లె దాకా వెళ్ళాను. దారిలో ఎక్కడా ఏరు దాటలేదు. పొన్నూరు, తెనాలి, వేమూరు, భట్టిప్రోలు అన్నీ రోడ్డు మీదే దాటాను. ఈ సంగతి చెప్పినప్పుడల్లా మా మనవరాలు కళ్ళు చిట్లించి, "అమ్మమ్మా, నిజం చెప్పవా!" అంటుంది. నిజమే చెబుతున్నాను. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ కూర్చున్న చోట నిలవలేను.

మాది రేపల్లె అవతల కృష్ణలో ఒక చిన్న లంక. చుట్టూ నది, మధ్యలో మా ఇళ్ళూ అరటితోటలూ. ఊళ్ళో సరైన బడి లేక నన్ను తెనాలిలో మా పెద్దమ్మ దగ్గర పెట్టి చదివించారు. పెద్దమ్మ అంటే మా అమ్మకు సొంత అక్క. ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతూ ఉండేది. పెదనాన్న పోయాక పొలమూ ట్రాక్టరూ అమ్మేసి హాయిగా ఉద్యోగం చేసుకోమని చుట్టాలంతా చెప్పారు. ఆవిడ పొలం కౌలుకిచ్చింది కానీ ట్రాక్టరు మాత్రం అమ్మలేదు. ఒక వేసవిలో పట్టుబట్టి నడపడం నేర్చుకుంది. కుచ్చెళ్ళు ఎగదోపి, కొంగు నడుముకు చుట్టి ఆవిడ ట్రాక్టరెక్కితే వీధిలో సైకిళ్ళు వాటంతట అవే పక్కకు జరిగేవి.

ఆ ఏడు మా లంకలో వాళ్ళంతా కలిసి బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డున ఒక ఫైబరు పడవ కొనుక్కున్నారు. వెనక చెక్కకు రెండు మోటార్లు తగిలించి ఉండేవి. మా ఊరికి అప్పటిదాకా తెడ్డు పడవలే గతి. మోటారు పడవ వస్తే జ్వరం వచ్చినవాళ్ళనీ నొప్పులు పడేవాళ్ళనీ చిటికెలో రేపల్లె చేర్చవచ్చని అందరి ఆశ. వానలు తగ్గాక నెమ్మదిగా తెచ్చుకుందామనుకున్నారు. కానీ వానలు తగ్గలేదు. ఎగువ నుంచి నీళ్ళు వదులుతున్నారని, మర్నాడు సాయంత్రానికి కృష్ణ బాగా పెరుగుతుందని రేడియోలో చెప్పారు. మా నాన్న రేపల్లె వచ్చి పెద్దమ్మ బడికి ఫోను చేశాడు. అప్పుడు నేను ఆఫీసు గది గుమ్మంలో నిలబడి ఉన్నాను. నాన్న గొంతు బయటికి వినపడుతోంది.

"వదినా, ఆ పోటుకి తెడ్డు పడవలు ఆగవు. మోటారు పడవ రేపే రావాలి. ఇంట్లో మీ చెల్లెలూ పసివాడూ ఉన్నారు."

ఆ పసివాడు నా తమ్ముడు. పుట్టి ఇంకా పురుడు కూడా వెళ్ళలేదు. నేను వాడి మొహం చూడనే లేదు.

పెద్దమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "రేపల్లె రేవు దగ్గరికి మీరు మనుషుల్ని పంపించండి మరిదిగారూ, పడవ నేను తీసుకొస్తా" అని ఫోను పెట్టేసింది. బడికి వానకని సెలవిచ్చారు. మర్నాడు తెల్లవారుతూనే ట్రాక్టరుకు ట్రక్కు తగిలించుకుని ఇద్దరం బాపట్ల బయల్దేరాం. నేనూ వస్తానని ఏడుస్తానేమోనని ఆవిడే ముందుగా, "ఎక్కవే, నాకూ తోడు కావాలి" అంది.

సముద్రపు ఒడ్డున పడవ మాకోసం సిద్ధంగా ఉంది. పడవ అమ్మిన పెద్దాయన చేపలవేటలో జీవితం గడిపిన మనిషి. మోటార్లు నడపడం మా ఊరివాళ్ళకు నేర్పేదాకా తనే వెంట ఉంటానని వచ్చాడు. నేను ఆయన్ని తాతయ్యా అన్నాను, పెద్దమ్మ బాబాయ్ గారూ అంది. పదిమంది కలిసి పడవను ట్రక్కులోకి ఎక్కించారు. పడవ ట్రక్కుకన్నా పొడుగు. అందుకని వెనక తలుపు దించేస్తే, మోటార్లున్న చివర బయటికి పొడుచుకొచ్చి రోడ్డు మీద గాలిలో నిలిచింది. మోటార్లు విప్పి లోపల పెట్టాలని చూశారు. ఉప్పుగాలికి బోల్టులు పట్టేసి కదల్లేదు. నీళ్ళలో తిరిగే పంకాలు నేలకు తగలకుండా మోటార్లు రెండింటినీ వెనక్కి పైకి లేపి, వాటికుండే కొక్కేలు తగిలించి, పైనుంచి తాళ్ళతో గట్టిగా కట్టారు.

"పడవలో కూర్చుంటావా?" అని తాతయ్య అడిగాడు. ఇంకా అడగాలా? నేను అప్పటికే ఎక్కేశాను. ఆయనా నా వెనకే ఎక్కాడు.

ఆ తర్వాత నా ఆనందం ఏం చెప్పను! పడవ అంచు మీద చేతులాన్చి కూర్చుంటే చెట్ల కొమ్మలు నా తలమీదుగా వెళుతున్నాయి. రెండు పక్కలా నీళ్ళు నిండిన వరిచేలు. కళ్ళు సగం మూసుకుంటే మేము నీళ్ళమీదే పోతున్నట్టుండేది. రేపల్లెకు తిన్నగా పోయే దారిలో మురుగుకాలవ పొంగి రోడ్డు కొట్టేసిందని బాపట్లలోనే చెప్పారు. అందుకని పొన్నూరు మీదుగా తెనాలి పోయి, అక్కడినుంచి రేపల్లె రోడ్డు పట్టుకోవాలి. చుట్టు దారి. పెద్దమ్మ మాటిమాటికీ ఆకాశం వైపు చూస్తూ ట్రాక్టరు ఉరికిస్తోంది.

పొన్నూరు దాటాక రోడ్డంతా గుంతలు. ఒక తూము మీద ట్రక్కు ఎగిరిపడింది. నా వెనక పిడుగు పడ్డట్టు చప్పుడైంది. తిరిగి చూస్తే ఒక మోటారు కొక్కెం జారి కిందికి పడిపోయి, పంకా ఉండే దాని కింది కాలు రోడ్డుకు రాసుకుని నిప్పురవ్వలు లేస్తున్నాయి. రెండోది అటూ ఇటూ ఊగి దాన్ని ఢీకొడుతోంది. నేనూ తాతయ్యా కలిసి కేకలు పెట్టాం. ట్రాక్టరు చప్పుడులో పెద్దమ్మకు వినపడడానికి కొంతసేపు పట్టింది.

దిగి చూశాం. పంకా రెక్క అంచు కొద్దిగా చిట్లింది, అంతే. కానీ మోటార్లు బిగించిన వెనక చెక్కలో వెంట్రుకంత చీలిక కనపడింది. తాతయ్య దాని పొడుగునా వేలు పెట్టి తడిమి చూశాడు. ఇంకోసారి ఇలా పడితే చెక్క ఊడిపోతుందని, ఊడితే పడవ పనికిరాదని ఆయన చెప్పకుండానే అర్థమైంది. నాకు ఏడుపొచ్చింది. లంకలో కట్టమీద నిలబడి మాకోసం చూస్తున్న అమ్మ కళ్ళముందు మెదిలింది.

తాతయ్య మోటారును మళ్ళీ పైకి లేపి, తాడు ఇంకో రెండు చుట్లు చుట్టి, మోకాలు ఆనించి బిగించాడు. పెద్దమ్మ ఆ మోటారును చేత్తో ఊపి చూసింది. తాడు కిర్రుమంది, వెనక చెక్క కూడా కిర్రుమంది.

"ఎంత బిగిస్తే అంతా ఆ చెక్కనే లాగుతోంది బాబాయ్ గారూ. ఇట్లా వెళితే తెనాలి కూడా చేరమండి."

"మరేం చేద్దామమ్మా? సముద్రంలో ఎన్నడూ ఇట్టాంటి ఇబ్బంది రాలేదు."

రోడ్డు పక్కన ఎవరిదో ఇల్లు కడుతున్నారు. వానకు పని ఆపేసినట్టున్నారు. ఒకావిడ బోరింగు దగ్గర బిందె నింపుకుంటోంది. పెద్దమ్మ చాలాసేపు ఆవిణ్ణే చూసింది. తర్వాత గబగబా అటు నడిచి, "అక్కా, ఆ బిందె ఒక్కసారి ఇస్తావా?" అని అడిగి, నన్ను కేకేసి పిలిచింది.

"దీని అంచు పట్టుకుని, చేత్తో వేలాడేసుకుని, ఆ ట్రాక్టరు దాకా పరిగెత్తు."

ఇంత హడావుడిలో ఈ ఆట ఏంటో నాకు తెలియలేదు. కానీ డ్రిల్లు టీచరు పరిగెత్తమంటే పరిగెత్తాల్సిందే. నాలుగు అడుగులు వేశానో లేదో, బిందె ఊగి మోకాలికి కొట్టుకుంది. నీళ్ళన్నీ గౌనుమీద పడ్డాయి. భుజం ఊడొచ్చినట్టయింది. పెద్దమ్మ మళ్ళీ బిందె నింపి ఈసారి నా నడుంమీద పెట్టింది. చెయ్యి చుట్టూ వేసి పట్టుకోమంది.

"ఇప్పుడు పరిగెత్తు."

పరిగెత్తాను. బిందె నాతోపాటే వచ్చింది. రెండు చుక్కలు తొణికాయేమో. ట్రాక్టరు దగ్గర ఆగి వెనక్కి చూస్తే పెద్దమ్మ మొహం వెలిగిపోతోంది.

"చూశారా బాబాయ్ గారూ! బిందె అదే, పిల్లా అదే. నడుం ఆనేసరికి కుదురుకుంది. మనం మోటార్లను మెడ పట్టుకుని వేలాడేశామండి. వాటికి కింద ఆనుకోడానికి ఏమీ లేదు."

తాతయ్య ఒక్క నిమిషం ఆలోచించి తొడమీద చరుచుకుని నవ్వాడు. "అవునమ్మా! వేటకెళ్ళినప్పుడు కింద నీళ్ళుంటాయి, నీళ్ళే మోస్తాయి. రోడ్డు మీద మోసేదేదీ లేదు కదా!"

ఆ క్షణం నుంచి అక్కడ పండగలాగా అయిపోయింది. ఇల్లు కట్టేవాళ్ళ దగ్గర సరుగుడు బాదులున్నాయి. బిందె ఇచ్చినావిడ వాళ్ళాయన్ని లేపుకొచ్చింది. సంగతి వినగానే ఆయన రంపం తెచ్చి తనే కొలతపెట్టి రెండు ముక్కలు కోశాడు. ఒక్కొక్క కర్ర చివర పంగలాగా చెక్కారు. కర్ర కింది కొన ట్రక్కు వెనక దూలంమీద ఆనించి, పైకొన పంగలో మోటారు కాలు కూర్చునేలా పెట్టారు. మోటారును కొక్కెంమీద వేలాడనివ్వకుండా, కొద్దిగా కిందికి దించి బరువంతా కర్రమీద మోపారు. ఇనుము ఒరుసుకోకుండా పంగలో పాత లారీ ట్యూబు ముక్కలు వేయాలని తాతయ్య చెప్పాడు. ఎగిరిపడకుండా అదే ట్యూబును పట్టీలుగా కోసి, మోటారునీ కర్రనీ కలిపి సాగదీసి చుట్టాడు.

"పైకి లేవకుండా చూశాం, కిందికి పడకుండా చూశాం. మరి పక్కలకి ఊగితే?" అని నేను అడిగాను. రెండూ ఢీకొట్టుకోవడం నా కళ్ళతో చూశాను కదా.

తాతయ్య నా నెత్తిమీద చెయ్యి వేశాడు. "రేవులో రెండు పడవలు పక్కపక్కన కట్టేటప్పుడు మేం మధ్యలో టైరు పెడతాం తల్లీ" అని, గోనెసంచులు గట్టిగా చుట్టి రెండు మోటార్ల మధ్య దూర్చాడు. ఆ తర్వాత రెండింటినీ కలిపి ఒకటే కట్టు కట్టాడు. పడవను పక్కలకు తిప్పే పిడులు కూడా ఒకదానికొకటి కట్టేశాడు. ఇక ఊగితే రెండూ కలిసి ఊగాలి, విడిగా ఊగడానికి వీల్లేదు. పెద్దమ్మ చెక్కమీద చెవి ఆనించి మోటారును ఊపింది. ఏమీ కిర్రుమనలేదు.

బయల్దేరేముందు తన మెడలో ఈల తీసి నా మెడలో వేసింది. "నువ్వు వెనక్కి తిరిగి కూర్చో. వాటిమీంచి చూపు తిప్పకు. ఏది కదిలినా ఈల ఊదు."

తెనాలిలో మేము ప్రవేశించిన తీరు ఆ ఊరు చాలాకాలం చెప్పుకుంది. బజారులో రిక్షాలూ సైకిళ్ళూ బస్సులూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. డ్రిల్లు టీచరు ట్రాక్టరు నడుపుతోంది, వెనక పడవ, పడవలో ఈల పట్టుకుని వెనక్కి తిరిగి కూర్చున్న నేను. ఒకాయన టిఫిన్ హోటల్లోంచి ఆకు చేత్తో పట్టుకునే బయటికొచ్చి, "ఏంటమ్మాయ్, వరద తెనాలి దాకా వచ్చేసిందా ఏంటి?" అని నిజంగానే భయపడుతూ అడిగాడు. మా బడి పిల్లలు కొందరు ట్రక్కు వెంట పరిగెత్తారు. చెయ్యి ఊపాలని నా ప్రాణం కొట్టుకుంది. కానీ చూపు తిప్పవద్దని పెద్దమ్మ చెప్పింది. మోటార్లనే చూస్తూ చెయ్యి మాత్రం ఊపాను.

వేమూరు దాటాక వాన మళ్ళీ పట్టుకుంది. నీళ్ళు కళ్ళలోకి కారుతున్నాయి. భట్టిప్రోలు దగ్గర పడుతుండగా ఎడమ పక్క కర్ర కింది కొన తడిసిన దూలంమీద కొద్దికొద్దిగా జరగడం చూశాను. మొదట నా భ్రమేమో అనుకున్నాను. ఇంకో గుంత వచ్చింది, ఇంకాస్త జరిగింది. ఇంకో గుంతకు అంచు దాటి పడిపోతుంది. నా ఊపిరంతా పెట్టి ఈల ఊదాను. ఆపకుండా ఊదాను. ట్రాక్టరు ఆగింది.

పెద్దమ్మ దిగొచ్చి చూసి, నన్ను రెండు చేతులతో ఎత్తి దించింది. "భలే చూశావే!" అంది. ఆవిడ ఎవర్నీ అంత తేలిగ్గా మెచ్చుకునేది కాదు. కర్ర కింది కొన జారకుండా దూలంమీద అడ్డంగా ఒక చెక్కముక్క వేసి మేకులు కొట్టారు. రెండో కర్రకూ అలాగే కొట్టారు. ఆ తర్వాత రేపల్లె దాకా ఒక్క చప్పుడు లేదు. ప్రతి గుంతకూ నా గుండె ఎగిరిపడింది కానీ మోటార్లు మాత్రం ఎగిరిపడలేదు.

రేవు దగ్గరికి చేరేసరికి ఇంకా వెలుతురుంది. కృష్ణ ఎర్రగా, వేగంగా, ఇంతకుముందు నేనెప్పుడూ చూడనంత వెడల్పుగా పారుతోంది. చెట్ల మొద్దులు కొట్టుకుపోతున్నాయి. నాన్న పంపిన మనుషులు మమ్మల్ని చూడగానే కేరింతలు కొట్టారు. కట్లు విప్పి పడవను నీళ్ళలోకి జార్చారు. తాతయ్య మొదటి మోటారు తాడు లాగాడు. అది రెండుసార్లు దగ్గి ఊరుకుంది. మూడోసారికి అందుకుంది. రెండోది ఒక్క లాగుకే అందుకుంది. రోడ్డుకు రాసుకున్నది అదే. పెద్దమ్మ కూడా పడవెక్కింది. నన్ను గట్టునే ఉండమన్నారు. నేను నిలబడి ఆ పడవ ప్రవాహానికి ఎదురెక్కి చిన్న చుక్కగా మారేదాకా చూశాను.

తిరిగొచ్చిన మొదటి విడతలోనే మా అమ్మ ఉంది. పాతచీర మడతల్లో చుట్టిన తమ్ముణ్ణి గుండెకు హత్తుకుని, పెద్దమ్మ భుజంమీద ఆనుకుని గట్టెక్కింది. నన్ను చూడగానే నవ్వింది, వెంటనే ఏడ్చింది. నేను చేతులు చాచాను. అమ్మ తటపటాయిస్తే పెద్దమ్మే, "ఇవ్వవే, దానికి పట్టుకోవడం తెలుసు" అంది. తమ్ముడి మెడ కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి పెట్టి పట్టుకున్నాను. వాడు కళ్ళు తెరిచి నన్ను చూసి, ఆవులించి మళ్ళీ నిద్రపోయాడు. చుట్టూ వానలో జనం అరుచుకుంటున్నారు, పడవ రెండో విడతకు బయల్దేరుతోంది. నాకు ఏదీ వినపడలేదు.

చీకటి పడేలోపు ఊళ్ళో వాళ్ళంతా ఇవతలికి చేరారు. నాన్న ఆఖరి విడతలో వచ్చాడు. ఇళ్ళు కొన్ని నీళ్ళపాలయ్యాయి, తోటలు పోయాయి, కానీ మనుషులందరూ మిగిలారు. ఆ పడవ ఆ తర్వాత చాలా ఏళ్ళు మా లంకకు సేవ చేసింది. దాన్ని మరమ్మతుకు తెనాలి తీసుకెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా మా ఊరివాళ్ళు ముందుగా కర్రలు, ట్యూబులు, గోనెసంచులు సిద్ధం చేసుకునేవాళ్ళు.

పెద్దమ్మ ఆ రోజు గురించి నాకెన్నడూ పాఠంలాగా చెప్పలేదు. కానీ నేను పెద్దయ్యాక టీచరునై, బాపట్లలో కాపురం పెట్టి, పిల్లల్ని పెంచాను. ఎన్నో సందర్భాల్లో ఆవిడ ఊపి చూసిన మోటారూ కిర్రుమన్న చెక్కా గుర్తుకొచ్చేవి. క్లాసులో ఒక పిల్ల కుదురుగా కూర్చోకపోతే నేను వెంటనే కోప్పడేదాన్ని కాదు. ఇంటి దగ్గర ఆ పిల్లకు ఆనుకోడానికి ఎవరున్నారో ముందు కనుక్కునేదాన్ని. బిగించడం ఎప్పుడైనా బిగించవచ్చు. దేనిమీద ఆనుకుని ఉందో చూసుకోకుండా బిగిస్తే విరిగేది మనం కాపాడాలనుకున్నదే. అది నేను పుస్తకాల్లో చదువుకోలేదు.

రెండేళ్ళ కిందట మా వారికి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది. మళ్ళీ నడిపించే రోజుల్లో మా అబ్బాయి ఆదుర్దాకొద్దీ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని ముందుకు లాగేవాడు. ఆయనకు భయం వేసి కాళ్ళు బిగుసుకుపోయేవి. నేను అబ్బాయిని పక్కకు జరగమన్నాను. ఆయన మోచేతి కింద నా అరచెయ్యి పెట్టాను, నా భుజాన్ని ఆయన భుజానికి ఆనించాను. పట్టుకోలేదు, ఊరికే ఆనించానంతే. "మీరు వెయ్యండి, నేనున్నాను" అన్నాను. ఆయన కొంచెంసేపు అలాగే నిలబడి, తర్వాత ఒక అడుగు వేశారు. ఇప్పుడు రోజూ సాయంత్రం వీధి చివరిదాకా వెళ్ళొస్తున్నాం.